ఏది అసలు బ్యాండు, ఏది డూప్లికేటు? మా తమ్ముడితోని పంచాయితీ, తీర్పు చెప్పండి

రాత్రిబస్సు (వరంగల్):

అందరికి నమస్తే, చాన్నాళ్ళకు పోస్ట్ పెడుతున్న, కొంచెం పొడుగుంటది, ఓపిక పట్టండి. మొన్న ఆదివారం సాయంత్రం కరెంటు పోయింది, ఇన్వర్టర్ల బ్యాటరీ అయిపోయింది, ఇగ ఏం చేస్తం, డాబా మీద చాప ఏసుకొని కూసున్నం. మా తమ్ముడు (బీటెక్ సెకండియర్, అన్నీ తనకే తెలుసనుకునే వయసు) ఫోన్ల ఏదో పాట పెట్టిండు. డెబ్బయిల నాటి అమెరికా రాక్ లెక్క ఉంది, ఒకడు గిటారు నిదానంగ సాగదీస్తుండు, ఎన్క ముగ్గురు నలుగురు కలిసి హమ్మింగ్, ఆ చల్లగాలికి మస్తనిపించింది. ఎవర్రా వీళ్ళు అన్న. వాడు నవ్వి "అన్నా, వీళ్ళు లేరు" అన్నడు. అయ్యో సచ్చిపోయిండ్రా అన్న. "కాదు, అసలు పుట్టనే లేదు" అన్నడు.

సంగతేందంటే ఆ బ్యాండు పేరు వెల్వెట్ సన్‌డౌన్. 2025 జూన్‌ల స్పాటిఫైల ఎక్కడికెళ్ళో ఊడిపడ్డరు, అదే నెలల రెండు ఆల్బమ్‌లు, చూస్తుండంగనే నెలకు 10 లక్షల పైన జనం వినుడు మొదలువెట్టిండ్రు. నలుగురు జుట్టు పెంచినోళ్ళ ఫొటోలున్నయి, ఒక్కొక్కని మొఖం నెయ్యి రాసినట్టు మెరుస్తది. జనాలకు డౌటొచ్చి నిలదీసినంక జూలైల వాళ్ళ పేజీ మీదనే మార్చి రాసుకున్నరు, ఇది ఏఐతోని చేసిన సంగీతం అని.

నాకు మస్తు కోపమొచ్చింది, ఎందుకొచ్చిందో నాకే తెల్వది, పది నిమిషాల ముందు కాలు ఊపుకుంట విన్న పాటే గదా. మా వోడు అక్కడనే దొరకవట్టిండు, "పాట అదే, చెవులు అవే, మరి మారిందేంది?" అని. నేనన్న, బ్యాండంటే నలుగురు దోస్తులు, అప్పు జేసి గిటార్లు కొనుక్కొని, ఎవరి ఇంట్లనో చప్పుడు చేసి తిట్లు తిని, సొంతంగ రాసుకొని సొంతంగ వాయించుకునుడు అని. వాడన్నడు, "మరి నువ్వు కార్ల పెట్టుకునే బోనీ ఎమ్ సంగతేంది, అండ్ల పాడేటోడు వేరే, ఎగిరేటోడు వేరే. మంకీస్ బ్యాండునైతే పేపర్ల యాడ్ ఇచ్చి పట్కొచ్చిండ్రు" అని. గూగుల్ జేసి చూసిన, నిజమే. నా నోట్లె మాట లేదు.

ఇప్పుడు అడిగేదేందంటే, అసలు బ్యాండు అని దేన్ని చూసి అంటరు మీరు? సొంతంగ రాస్తేనా, వాయిస్తేనా, పాడితేనా, కష్టాలు పడితేనా? లేకపోతే మా తమ్ముడన్నట్టు ఇదంతా ముసలోళ్ళ చాదస్తమా? (నాకు ముప్పై నాలుగు.)

క్యాసెట్టు బాబాయ్ (విజయవాడ):

బాబూ, నీ తమ్ముడు చెప్పింది నిజమే, కానీ ఆ నిజం తెలిసినప్పుడు నాబోటి వాడు ఏమైపోయాడో ఆ కుర్రాడికేం తెలుసు.

నేను ఇంటర్ చదివే రోజుల్లో గవర్నరుపేటలో ఒక రికార్డింగ్ షాపు ఉండేది. ఖాళీ క్యాసెట్టు మనం కొనుక్కెళ్ళి ఇస్తే షాపాయన ఓ పొడుగాటి నోటుపుస్తకం ముందుకు తోసేవాడు, అందులో పాటలకి నంబర్లు, మనకి కావల్సినవి చీటీ మీద రాసిస్తే రెండు రోజులాగి రమ్మనేవాడు. అలా చేయించుకున్నదే నా బోనీ ఎమ్ క్యాసెట్టు. లోపలి అట్ట మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో నేనే రాసుకున్నా, "సింగర్: బాబీ ఫారెల్" అని, చుట్టూ పూలు కూడా వేశా. రాస్‌పుటిన్ పాటలో ఆ లావుపాటి మగ గొంతు ఉంటుంది చూడు, ఆ గొంతు కోసం రిహార్సల్స్ చేసి కాలేజీ డేకి స్టేజీ ఎక్కాను, నెత్తిన మా మేనమామ సవరం, ఒంటి మీద మా అక్క చమ్కీ వోణీ. అది ఎలా జరిగిందని అడక్కండి.

పదిహేనేళ్ళ తర్వాత తెలిసింది, ఆ గొంతు బాబీది కానే కాదని. జర్మనీలో ఫ్రాంక్ ఫారియన్ అని ఒక నిర్మాత, తెల్లాయన, స్టూడియోలో తన గొంతు తనే రకరకాలుగా మార్చి పాడి బోనీ ఎమ్ అనే దొంగపేరుతో ఒక రికార్డు వేశాడు. అది ఆడేసరికి టీవీ వాళ్ళు మీ బ్యాండుని తీసుకురండి అన్నారు. బ్యాండేది? అప్పుడు మనుషుల్ని వెతికాడు. బాబీ డాన్సరు. ఆడవాళ్ళు ముగ్గురిలో లిజ్ మిచెల్, మార్షా బారెట్ రికార్డుల్లో నిజంగానే పాడారు, మెయిజీ విలియమ్స్ మాత్రం స్టేజీ మీదే. 1976లో డాడీ కూల్ నుంచీ ఇదే ఏర్పాటు.

ఇంకో విచిత్రం, ఆ బాబీ ఫారెల్ 2010 డిసెంబర్ 30న రష్యాలో ప్రోగ్రాం ఇవ్వడానికి వెళ్ళి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పోయాడు, ఆ పాటలోని రాస్‌పుటిన్, రష్యా రాజుగారి కొలువులో తిరిగిన సాధువు, ఆయన్ని 1916లో చంపిందీ ఆ ఊళ్ళోనే, అదే తారీఖున. సినిమాలో పెడితే కట్టుకథ అంటారు.

ఇదే ఫారియన్ పదేళ్ళ తర్వాత మ్యూనిక్‌లో ఇద్దరు అందగాళ్ళని పట్టుకుని మిల్లీ వనిల్లీ చేశాడు. రాబ్ పిలాటస్, ఫాబ్ మోర్వాన్. ఒక్క ముక్క వాళ్ళు పాడలేదు. 1989 జూలైలో అమెరికాలో ఒక స్టేజీ షోలో వెనక వేసిన రికార్డింగు ఇరుక్కుపోయి ఒకే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంటే రాబ్ స్టేజీ దిగి పరిగెత్తాడు. అయినా 1990 ఫిబ్రవరిలో గ్రామీ అవార్డు ఇచ్చారు! నవంబర్లో ఫారియనే బయటపెట్టేసరికి ఆ గ్రామీ వెనక్కి తీసేసుకున్నారు, కోర్టులకెక్కి రికార్డు కొన్నవాళ్ళు డబ్బులు కూడా వాపసు తెచ్చుకున్నారు. రాబ్ కోలుకోలేదు, 1998లో, ముప్పై దాటిన కొత్తల్లోనే పోయాడు. ఫారియన్ ఎనభై రెండేళ్ళు బతికి 2024లో పోయాడు. తోలుబొమ్మలకి శిక్ష, ఆడించినాయనకి రాయల్టీ, అదీ న్యాయం.

నాకు బోనీ ఎమ్ మీద కోపం రాలేదు. మిల్లీ వనిల్లీ మీద జనానికి ఎందుకంత వచ్చిందో ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. ఎవరైనా చెప్పగలిగితే చెప్పండి.

డబుల్‌పెడల్ (హైదరాబాద్):

బాబాయ్ గారూ, ఆ సవరం ఫొటో ఉంటే అర్జెంటుగా పెట్టండి.

రాత్రిబస్సన్నా, నేను పదేళ్ళ నుంచి పబ్బుల్లో డ్రమ్స్ వాయిస్తున్నా కాబట్టి లోపలి మాట ఒకటి చెప్తా, తిట్టొద్దు. మీరు శుక్రవారం నైట్ వచ్చి చూసే బ్యాండ్లలో చాలా వాటికి స్టేజీ మూల ఒక లాప్‌టాప్ ఉంటది. కీబోర్డు లేయర్లు, వెనక కోరస్, ఒక్కోసారి రెండో గిటారు కూడా దాంట్లోంచే వస్తయి. నా చెవిలో టక్ టక్ మని క్లిక్ కొడుతుంటది, నేను దాన్ని పట్టుకుని వాయిస్తా, మిగతావాళ్ళు నన్ను పట్టుకుని వాయిస్తరు. పోయినేడు ఒక రాత్రి మంచి హైలో ఉన్నం, జనం అంతా ఫోన్లు పైకెత్తిండ్రు, లాప్‌టాప్ నీలం స్క్రీన్ చూపించి అప్‌డేట్ తీసుకోవడం మొదలుపెట్టింది. కోరస్ మాయం, కీబోర్డు మాయం, నా చెవిలో క్లిక్ కూడా మాయం. మా వోకలిస్టు నా వైపు చూసిన చూపు జన్మలో మర్చిపోను. స్పీడు పెరిగింది, తగ్గింది, బేసు వాడు వేరే స్కేల్లోకి పోయి మళ్ళీ వచ్చిండు, ఎట్లనో లాగేసినం. తర్వాత ఒకాయన వచ్చి "ఆ ఒక్క పాట భలే పచ్చిగా ఉంది బ్రో" అన్నడు. సో నా లెక్క ఇది, లాప్‌టాప్ పోయినా పాట అయిపోయేదాకా నిలబడితే అది బ్యాండు, నిలబడకపోతే కాదు.

మంకీస్ గురించి మీ తమ్ముడు సగమే చెప్పిండు. 1965 సెప్టెంబర్లో హాలీవుడ్ పేపర్లలో "నలుగురు పిచ్చి కుర్రాళ్ళు కావలెను, వయసు 17 నుంచి 21" అన్న టైపులో యాడ్ వేస్తే నాలుగొందల మంది పైన వచ్చిండ్రు, చివరికి టీవీ సీరియల్ కోసం నలుగురిని తీసుకున్నరు, అంతవరకూ కరెక్టే. మొదటి రెండు ఆల్బమ్‌లలో పాడింది వాళ్ళే గానీ వాయించింది ఎక్కువ భాగం స్టూడియో వాళ్ళు. రెండో ఆల్బమ్ రిలీజైందన్న సంగతి కూడా వాళ్ళకి ముందు చెప్పలేదు. వాళ్ళలో మైకేల్ నెస్మిత్ అనే ఆయన మీటింగులో గొడవపడి, హోటల్ గోడకి బొక్క పడేటట్టు గుద్ది, అది నీ మొహం అయ్యుండేది అన్నడు అవతలి లాయరుతో. ఆ తర్వాత మ్యూజిక్ చూసే డాన్ కిర్ష్నర్‌ని పీకేసిండ్రు, 1967 మేలో హెడ్‌క్వార్టర్స్ అనే ఆల్బమ్ దాదాపు మొత్తం తామే వాయించుకుని దించిండ్రు. అమెరికాలో నంబర్ వన్‌కి పోయింది, బీటిల్స్ వాళ్ళ సార్జంట్ పెప్పర్ ఆల్బమ్ వచ్చి తోసేదాకా. వినండి ఒకసారి, డ్రమ్స్ కొన్నిచోట్ల తడబడతయి, మికీ డోలెంజ్ సీరియల్‌లో డ్రమ్మరు వేషం దొరికినంకనే నేర్చుకున్నడు మరి. నాకు ఆ తడబాటే ఇష్టం.

కిర్ష్నర్ ఏం చేసిండో తెలుసా, 1969లో ఆర్చీస్ కార్టూను బొమ్మలకి పాట చేసి దాన్ని నంబర్ వన్ చేసిండు. బొమ్మలైతే గోడలు గుద్దవు కదా.

ఇగ దోస్తులు గ్యారేజీ అంటారా, సెక్స్ పిస్టల్స్‌ని తీసుకోండి, పంక్ అంటే వాళ్ళే అంటరు, లండన్లో బట్టల షాపు నడిపే మాల్కమ్ మెక్‌లారెన్ చుట్టూ పుట్టిన బ్యాండది. ఆల్బమ్‌లో బేస్ ఎక్కువ భాగం వాయించింది వాళ్ళ బేసిస్టు సిడ్ విషస్ కాదు, గిటారిస్టు స్టీవ్ జోన్స్. రమోన్స్ అనే బ్యాండులో అందరూ పేరు చివర రమోన్ అని పెట్టుకున్నరు, ఒక్కని అసలు ఇంటిపేరు కూడా అది కాదు. బీచ్ బాయ్స్ సముద్రం మీద సర్ఫింగ్ గురించి అన్ని పాటలు పాడిండ్రు, సర్ఫింగ్ నిజంగా చేసేది డెనిస్ విల్సన్ ఒక్కడే. క్రీడెన్స్ బ్యాండు వాళ్ళు లూసియానా చిత్తడి నేలల్లో పుట్టినట్టు పాడతరు, వాళ్ళది శాన్ ఫ్రాన్సిస్కో పక్కన ఎల్ సెరిటో. అయినా వింటే నమ్ముతం. సో పుట్టుక చూడకండన్నా.

ముద్దపప్పు:

పాట బాగుందా లేదా. అంతే కదండీ. బిర్యానీ తినేటప్పుడు వంటమాస్టారు జాతకం అడుగుతామా?

సీతాఫలం (రాజమండ్రి):

ముద్దపప్పు గారూ, అడుగుతాం. బోర్డు మీద మటన్ అని రాసి ఇంకేదో వండారని తెలిస్తే రుచి బాగున్నా సరే గల్లా దగ్గర గొడవ పెట్టుకుంటాం.

క్యాసెట్టు బాబాయ్ గారు అడిగినదానికి నాకు తోచింది చెప్తాను, తప్పయితే సరిదిద్దండి. అసలు ఈ పెదాలు కదపడం, ఎవరి గొంతుకో ఎవరో అభినయించడం, దీన్ని పాపంగా చూడడానికి మనకేం హక్కుందండీ? మనం దాంట్లోనే పుట్టి పెరిగాం. మా అమ్మ రామారావు గారి పాట అంటుంది, వెంటనే ఘంటసాల గారు ఎంత బాగా పాడారో అంటుంది, రెండూ ఒక్క ఊపిరిలోనే, ఆవిడకి అందులో తేడా ఏమీ కనపడదు. సావిత్రి గారు ఏడుస్తుంటే సుశీల గారి గొంతు ఏడుస్తుంది, హాల్లో మనమూ ఏడుస్తాం, ఎవరూ మోసపోయామనుకోలేదు. బాలసుబ్రహ్మణ్యం గారైతే ఏ హీరోకి పాడితే ఆ హీరో మాట తీరు గొంతులోకి తెచ్చుకునేవారు, దాన్ని మనం దొంగతనం అన్లేదు, గొప్పతనం అన్నాం. తన పాట తానే పాడుకునే భానుమతి గారి లాంటి వాళ్ళూ ఉన్నారు, వాళ్ళకి అదో గౌరవం, కానీ మిగతావాళ్ళు నకిలీ అని ఎవరూ అనలేదు.

ఎందుకంటే టైటిల్స్‌లో "నేపథ్యగానం" అని పేర్లు పడతాయి. అంతే. రేడియోలో పాట వేసే ముందు గాయకుల పేరు చదువుతారు. ఎవరి ముద్ద వాళ్ళకి వడ్డించాక ఇంక గొడవేముంది. ఒకప్పుడు ఇదీ లేదు, 1949లో మహల్ సినిమా రికార్డు మీద పాడినవారు కామిని అని వేశారు, అది సినిమాలో పాత్ర పేరు, పాడింది లతా మంగేష్కర్. అలా వేసిన రోజుల్లో మాత్రం అది మిల్లీ వనిల్లీకి అట్టే దూరం కాదు.

మిల్లీ వనిల్లీ అట్ట మీద పాడింది వీళ్ళే అన్నట్టు వేశారు. అసలు పాడినవాళ్ళు చార్ల్స్ షా, జాన్ డేవిస్, బ్రాడ్ హొవెల్, వాళ్ళ పేర్లు ఎవరికీ తెలీదు. "గొంతు వాళ్ళది, డాన్సు మాది" అని ఒక్క లైను రాసుంటే ఆ కుర్రాడు రాబ్ బతికుండేవాడేమో అనిపిస్తుంది నాకు. బోనీ ఎమ్‌ని ఎందుకు క్షమించామంటే, బాబాయ్ గారూ, వాళ్ళు అదంతా ఓ తిరునాళ్ళ సంబరంలా చేశారు, మెరుపుల బట్టలు, గెంతులు, నా గుండె కోత వినండి అని ఎవరూ అడగలేదు. మీరైతే సవరం పెట్టుకుని వెళ్ళారు, అంటే మీకు లోపల తెలుసు అది వేషమని.

డబుల్‌పెడల్ (హైదరాబాద్):

అక్కా సూపర్, కానీ ఒక చిక్కుంది. బర్డ్స్ అని 1965లో వచ్చిన బ్యాండు, వాళ్ళ మొదటి హిట్టు మిస్టర్ టాంబురిన్ మ్యాన్, దాంట్లో ఆ బ్యాండు వాళ్ళలో వాయించింది రోజర్ మెక్‌గ్విన్ ఒక్కడే, మిగతాదంతా లాస్ ఏంజెలిస్ స్టూడియో ఆర్టిస్టులు, ఇప్పుడు రెకింగ్ క్రూ అని పిలుస్తరు వాళ్ళనే. బీచ్ బాయ్స్ వాళ్ళ పెట్ సౌండ్స్ ఆల్బమ్‌లోనూ వాయించింది చాలావరకు వాళ్ళే. అప్పట్లో అట్ట మీద వాళ్ళ పేర్లు వెయ్యలేదు. మీ రూలు ప్రకారం బర్డ్స్ కూడా డూప్లికేటేనా? రాక్ చరిత్రలో సగం పోతది అక్కా.

సీతాఫలం (రాజమండ్రి):

పోనీండి. బర్డ్స్ గొప్ప బ్యాండే, ఆ స్టూడియో వాళ్ళకి జరిగింది అన్యాయమే, రెండూ ఒకేసారి నిజం కాకూడదని ఎక్కడుంది? పెళ్ళిలో సన్నాయి బాగుంది అంటాం, డోలు ఆయన పేరు అడగం. తప్పు మనదీనూ.

రాత్రిబస్సు గారి ఏఐ బ్యాండు సంగతికొస్తే నా బాధ వేరే. మొదట దాచారు, తర్వాత చెప్పారు, సరే. కానీ చెప్పినా టైటిల్స్ ఎక్కడ వేస్తారు? ఆ యంత్రం నేర్చుకున్నది డెబ్బయిల్లో గిటారు సాగదీసిన వందలమంది దగ్గరేగా, ఎవరో తాగి వాయించినది, ఎవరో పెళ్ళాం వదిలేస్తే వాయించినది. వాళ్ళందరి పేర్లూ పడాలి కదా నేపథ్యగానం కింద. అంత పొడుగు టైటిల్స్ వేసే తెర ఎక్కడుందండీ. మీకు డాబా మీద కోపం అందుకే వచ్చిందేమో, మీరు మెచ్చుకుంటే ఆ మెప్పు ఎవరికి చేరాలో తెలీక.

ముద్దపప్పు:

మేడమ్, మటన్ పాయింట్ ఒప్పుకుంటున్నా.

రాత్రిబస్సు (వరంగల్):

అందరికి థ్యాంక్స్. సీతాఫలం గారు రాసింది మా తమ్మునికి చదివి వినిపించిన. కాసేపు ఏం మాట్లాడలే, తర్వాత "మరి అన్నా, నువ్వు నిన్న మీ మేనేజర్‌కు పంపిన రిపోర్టు సగం నేనే టైప్ జేసిన, అండ్ల నా పేరేదీ" అన్నడు. దీనికి ఎవరన్న జవాబు చెప్తరేమో అని మళ్ళ పోస్ట్ పెడుతున్న. హెడ్‌క్వార్టర్స్ విన్నం ఇద్దరం, డబుల్‌పెడల్ అన్నా, డ్రమ్స్ నిజంగనే తడబడుతున్నయి, మా వోడు "నేను గూడ వాయించొచ్చు ఇట్లయితే" అని సైకిల్ సీటు మీద కొడుతుండు పొద్దటి నుంచి. తలకాయ నొస్తుంది.

క్యాసెట్టు బాబాయ్ (విజయవాడ):

నిన్న రాత్రి అటక ఎక్కాను. మా ఆవిడ కింద నుంచి ఈ వయసులో నడుం విరగ్గొట్టుకుంటారా అని అరుస్తూనే ఉంది. బిస్కట్ డబ్బాలో దొరికింది ఆ క్యాసెట్టు, టేపు బూజు పట్టి అంటుకుపోయింది, పెన్సిల్ పెట్టి తిప్పితే కటుక్కుమంది. అట్ట మాత్రం బాగుంది, ఎర్ర ఇంకు గులాబీ రంగుకి తిరిగింది. "సింగర్: బాబీ ఫారెల్". పెన్ను తీసుకుని కొట్టేద్దామని కూర్చున్నా, చాలాసేపు కూర్చున్నా, చేతులు రాలేదు. చివరికి సింగర్ అన్నదాని మీద చిన్న గీత గీసి డాన్సర్ అని రాశా, కింద ఫారియన్ పేరు, లిజ్ మిచెల్ పేరు, మార్షా బారెట్ పేరు. మెయిజీ పేరుకి చోటు చాల్లేదు, పక్కకి తిప్పి అంచున రాశా.

సవరం ఫొటో లేదు, అడక్కండి.